దోమ ఈగే, తూనీగ ఈగ కాదు – ఈ తేడా మనకెందుకు?

(అభిప్రాయం)



ముందు ఒక ప్రశ్న. తేనెటీగ, కందిరీగ, తూనీగ, జోరీగ, దోమ – ఈ అయిదింటిలో నిజమైన ఈగలు ఎన్ని? మా గదిలో అడిగితే దాదాపు అందరూ నాలుగన్నారు. పేరు చివర ఈగ అని ఉన్నవి నాలుగే గదా! దోమ ఈగ ఎలా అవుతుందిరా అని నవ్వారు కూడా. సరైన జవాబు రెండు. జోరీగ ఒకటి, దోమ ఒకటి. మిగతా మూడూ పేరుకే ఈగలు.

ఇది క్విజ్ కోసం అడిగింది కాదు. వర్షాకాలం వస్తే మన హాస్టల్లో ఎన్ని పక్కలు జ్వరాలతో నిండుతాయో అందరికీ తెలుసు. నర్సమ్మ వచ్చి వేలికి సూది పొడిచి రక్తం తీసుకుని పోతుంది. మనం శనివారం శనివారం చీపుర్లు పట్టుకుని ఊడుస్తూనే ఉంటాం. అయినా జ్వరాలు తగ్గడం లేదు. ఎందుకు? ఏ పురుగు ఎక్కడ పుడుతుందో తెలుసుకోకుండా చేసే పరిశుభ్రత సగం వృథా అని నా అభిప్రాయం. కీటకాల వర్గీకరణ అనేది రెండు మార్కుల ప్రశ్న కాదు, అది మన జ్వరాలకు సంబంధించిన పాఠం. ఎందుకంటున్నానో వివరిస్తాను. ఒప్పుకోనివాళ్ళు వచ్చే సంచికలో జవాబు రాయవచ్చు.

రెండే రెక్కలు

రెక్కలున్న కీటకాలలో చాలావాటికి నాలుగు రెక్కలుంటాయి. తూనీగను చూడండి, నాలుగూ విడివిడిగా కనిపిస్తాయి. తేనెటీగకూ కందిరీగకూ కూడా నాలుగే. కాకపోతే ముందు రెక్కనూ వెనక రెక్కనూ చిన్న కొక్కేలు కలిపి ఉంచుతాయి కాబట్టి రెండే ఉన్నట్టు కనిపిస్తుంది. నిజమైన ఈగకు మాత్రం రెండే రెక్కలు. అందుకే ఈ క్రమానికి డిప్టెరా అని పేరు. గ్రీకు భాషలో దానికి రెండు రెక్కలవి అని అర్థం. రెండువేల మూడువందల ఏళ్ళ కిందటే అరిస్టాటిల్ ఈ మాట వాడాడు. 1758లో లిన్నేయస్ తన వర్గీకరణ గ్రంథంలో దాన్నే క్రమం పేరుగా ఖాయం చేశాడు.

మరి వెనక రెక్కలు ఏమయ్యాయి? పూర్తిగా పోలేదు. కురచబడి, చివర గుండు ఉన్న చిన్న పుల్లల్లాగా మారాయి. వీటిని హాల్టియర్లు అంటారు. ఈగ ఎగిరేటప్పుడు ఇవి కూడా రెక్కలతో సమానంగా కొట్టుకుంటాయి. ఒళ్ళు ఏ పక్కకు తిరిగినా వీటి మొదట్లో ఆ లాగుడు తెలుస్తుంది. వెంటనే ఈగ సర్దుకుంటుంది. మనం ఎంత వేగంగా చెయ్యి విసిరినా ఈగ తప్పించుకునేది ఇలాంటి ఏర్పాట్ల వల్లనే. వానాకాలం రాత్రి దీపం దగ్గరికి పొడుగు కాళ్ళతో ఒక పెద్ద పురుగు వస్తుంది గదా, దానిమీద ఈ పుల్లలు మామూలు కంటికే కనిపిస్తాయి. అది కుట్టదు, రక్తం తాగదు. పెద్ద దోమ అనుకుని దాన్ని చూడగానే చెప్పుతో కొడుతున్నాం. తెలియకపోతే నిర్దోషికి శిక్ష పడుతుందనడానికి ఇదొక ఉదాహరణ.

దోమకు కూడా రెండే రెక్కలు, వెనక రెండు పుల్లలు. అందుకే దోమ ఈగల క్రమంలోకి వస్తుంది. ఈ క్రమంలో ఇంతవరకు పేరు పెట్టిన జాతులే లక్షా యాభై వేలకు పైగా ఉన్నాయి. ప్రపంచంలోని పక్షులన్నీ కలిపి సుమారు పదకొండు వేల రకాలే. దీన్నిబట్టి ఈగల సంసారం ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు.

ఇంత పెద్ద క్రమాన్ని పాత పుస్తకాలు స్పర్శశృంగాలను, అంటే మీసాలను బట్టి విభజించాయి. పొడుగు మీసాలు, వాటిలో చాలా కణుపులు ఉంటే నెమటోసెరా. దోమలు ఇందులోవి. మగదోమ మీసాలు ఈకల్లాగా ఉంటాయి, వాటితోనే ఆడదోమ రెక్కల చప్పుడు వింటుంది. మీసాలు కురచగా ఉంటే బ్రాకిసెరా. జోరీగ, ఇంటి ఈగ, పండు ఈగ ఇందులోవి. ఇప్పటి శాస్త్రవేత్తలు బ్రాకిసెరాను ఒకే తల్లి సంతానంగా ఒప్పుకుంటున్నారు గానీ నెమటోసెరాను అలా ఒప్పుకోవడం లేదు. కురచ మీసాలవి తీసేయగా మిగిలినవన్నీ ఒకచోట పోగేసిన గుంపు అది అంటున్నారు. అయినా కంటితో గుర్తుపట్టడానికి ఈ తేడా మనకు బాగానే పనికొస్తుంది.

కాళ్ళు లేని పిల్లలు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈగలన్నింటి జీవితంలో నాలుగు దశలు – గుడ్డు, డింభకం, ప్యూపా, ప్రౌఢజీవి. ఇది అందరం బట్టీ పట్టినదే. కానీ బట్టీ పట్టేటప్పుడు ఒక ముఖ్యమైన సంగతి వదిలేస్తాం. ఈగల డింభకాలకు నిజమైన కాళ్ళుండవు. సీతాకోకచిలుక గొంగళిపురుగుకు కాళ్ళున్నాయి, ఆకు నచ్చకపోతే ఇంకో కొమ్మకు నడిచిపోతుంది. ఈగ పిల్లకు ఆ అవకాశం తక్కువ. తల్లి ఎక్కడ గుడ్డు పెట్టిందో ఆ చుట్టుపక్కలే తినాలి, పెరగాలి. దోమ పిల్ల ఈదగలదు గానీ ఆ నీళ్ళు దాటి రాలేదు.

అంటే రెక్కలొచ్చిన ఈగను తరమడం కష్టం. కాళ్ళు లేని దశలో పట్టుకోవడం సులువు. అయితే దాని ఉయ్యాల ఎక్కడుందో ముందు తెలియాలి. ఆ ఉయ్యాల ఒక్కో కుటుంబానికి ఒక్కోచోట ఉంటుంది.

ఇంటి ఈగ తడి పేడలోను, కుళ్ళిన చెత్తలోను, ఎంగిలి మెతుకుల్లోను గుడ్లు పెడుతుంది. ఒక్కో విడతకు నూటికి పైన గుడ్లు. ఒక్క రోజులోపే పొదుగుతాయి. ఎండాకాలంలో గుడ్డు నుంచి రెక్కల ఈగ దాకా ఏడు నుంచి పది రోజులు చాలు. చివర్లో పురుగు చర్మం గట్టిపడి గోధుమగింజ లాంటి గుళిక అవుతుంది. లోపలి ఈగ నుదుటి మీద ఒక బుడగను ఉబ్బించి, గుళిక మూతను గుండ్రంగా నెట్టుకుని బయటికి వస్తుంది. ఈ ఈగకు కొరికే నోరు లేదు, ద్రవాన్నే పీల్చగలదు. బెల్లం ముక్క మీద వాలితే ముందు ఉమ్మి వేసి కరిగించుకుంటుంది. రుచి కాళ్ళతోనే తెలుసుకుంటుంది. పెంట మీద తిరిగిన ఆ కాళ్ళతోనే మన పళ్ళెం మీదికి వస్తుంది. విరేచనాలు, టైఫాయిడ్ ఈ దారిన కూడా వస్తాయి.

జోరీగ పిల్ల తడి నేలలోను, నీటి గట్టు బురదలోను పెరుగుతుంది. ఆడ జోరీగ పశువు చర్మాన్ని కోసి రక్తం తాగుతుంది. పశువులకు సర్రా వ్యాధిని ఒకదాని నుంచి మరొకదానికి చేరవేస్తుంది. పండు ఈగ మామిడి, దోస, కాకర కాయల తొక్కను పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. బయటికి బాగున్న మామిడిపండు కోస్తే లోపల పురుగులు కనిపించేది అందుకే. దసలి పట్టు పెంచే ఊళ్ళవాళ్ళకు ఊజీ ఈగ తెలిసే ఉంటుంది. అది పట్టుపురుగు ఒంటిమీదే గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలికి దూరి పట్టుపురుగును తినేస్తుంది. వరిలో ఉల్లికోడు కూడా దోమలాంటి చిన్న ఈగ పనే. దాని పురుగు వరి మొవ్వులో చేరితే ఆకు ఉల్లికాడలాగా గొట్టమైపోతుంది, ఆ పిలకకు వెన్ను రాదు.

చూశారా! కుటుంబం పేరు తెలిస్తే చిరునామా తెలిసినట్టే. పేరు తెలియనివాడు పేడకుప్పలో దోమ పిల్లల్ని వెతుకుతాడు, నీళ్ళ తొట్టిలో ఈగ పిల్లల్ని వెతుకుతాడు.

సికింద్రాబాదులో జరిగిన కథ

ఏ రకమో తెలియకపోతే ఎంత కష్టమో చెప్పే కథ మన తెలుగు నేలమీదే జరిగింది. రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు 1895లో సికింద్రాబాదుకు వచ్చాడు. మలేరియా దోమ ద్వారా వస్తుందేమోనని పరిశోధన మొదలుపెట్టాడు. మలేరియా రోగులను దోమలతో కుట్టించి, ఆ దోమలను కోసి సూక్ష్మదర్శినిలో వెతికాడు. ఎన్ని దోమలను కోసినా ఏమీ కనబడలేదు. కారణం ఏమంటే, అతనికి ఎక్కువగా దొరికినవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. మనం ఇప్పుడు క్యూలెక్స్, ఏడిస్ అంటున్నవి అవే. మనిషికి మలేరియా తెచ్చేవి అవి కావు.

1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న వేరే రకం దోమలు కొన్ని దొరికాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని వాటితో కుట్టించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడు. ఆగస్టు 20న ఆ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. ఆ మచ్చరెక్కల దోమే అనాఫిలిస్. మరుసటి ఏడాది ఇటలీలో గ్రాసీ, అతని తోటివాళ్ళు మనుషులకు మలేరియాను అంటించేది అనాఫిలిసేనని రుజువు చేశారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. రాస్ పనిచేసిన భవనం హైదరాబాదు బేగంపేటలో ఇప్పటికీ ఉంది.

నాకు ఈ కథలో బహుమతి కన్నా ముందరి రెండేళ్ళే ముఖ్యం. అంత తెలివైన మనిషి, అంత ఓపిక ఉన్న మనిషి, రకం వేరు కావడం వల్ల అన్నాళ్ళు చీకట్లో తడుముకున్నాడు. మరి మనం ఏ రకమో చూడకుండానే శనివారం పరిశుభ్రత చేస్తే ఫలితం ఎలా వస్తుంది?

మూడు దోమలు, మూడు ఇళ్ళు

మన చుట్టూ ముఖ్యంగా మూడు రకాల దోమలున్నాయి. క్యూలెక్స్ మురికి నీటిలో, వంటశాల వెనక కాలవలో పెరుగుతుంది. బోదకాలు తెచ్చేది ఇదే. ఏడిస్ నిలవ ఉన్న మంచినీటిలో, తొట్లలో, పాత టైర్లలో, కొబ్బరి చిప్పల్లో పెరుగుతుంది. నల్లటి ఒంటిమీద తెల్ల చారలుంటాయి, పగలు కుడుతుంది, డెంగీ తెస్తుంది. అనాఫిలిస్ ఎక్కువగా కాస్త శుభ్రమైన నీటిలో పెరుగుతుంది. వాటిలో కొండప్రాంతాల్లో మలేరియా తెచ్చే ఒక జాతికి మెల్లగా పారే వాగులు, గడ్డి మొలిచిన వాగు అంచులు ఇష్టం. ఇంకో జాతి వరిమళ్ళలో, నీటి గుంటల్లో, కాలవల్లో పెరుగుతుంది. ఈ అనాఫిలిస్‌లు సాయంత్రం నుంచి తెల్లవారేదాకా కుడతాయి.

గుర్తుపట్టడానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు. గోడమీద వాలినప్పుడు క్యూలెక్స్ ఒళ్ళు గోడకు సమాంతరంగా ఉంటుంది. అనాఫిలిస్ తల కిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా కూర్చుంటుంది. పిల్లలను చూడాలంటే నీళ్ళను తెల్ల గిన్నెలో తీసుకోండి. క్యూలెక్స్, ఏడిస్ పిల్లలు తోక చివరి గొట్టాన్ని నీటి పైకి పెట్టి తలకిందులుగా వేలాడతాయి. అనాఫిలిస్ పిల్లకు ఆ గొట్టం లేదు, నీటి పైపొరకు ఆనుకుని అడ్డంగా పడుకుంటుంది. ఇంత సులువైన పరీక్షను మన పాఠశాలలో ఎంతమంది చేశారు?

గత వర్షాకాలంలో పై నుంచి తనిఖీకి వస్తున్నారని చెప్పారు. రెండు రోజులు మనందరం పనిచేశాం. రాళ్ళకు సున్నం కొట్టాం. దారికి రెండు పక్కలా బ్లీచింగు పొడిని ముగ్గులాగా చల్లాం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ ఎండిన దారి మీద ఏ దోమా పెరగదు. పగిలిన తొట్టినీ, కొళాయి కింద గుంటనూ, మనం స్నానం చేసే వాగు అంచు గడ్డినీ ఎవరూ చూడలేదు. ఎవర్నో నిందించడానికి నేను ఇది రాయడం లేదు. చేసిన కష్టం మనదే, కాబట్టి ఆ కష్టం సరైన చోట పడాలని అడిగే హక్కు కూడా మనకుంది.

ఎదురు వాదనలు

"ఇవన్నీ ఎందుకు, మందు కొడితే అన్నీ చస్తాయి" అని కొందరంటారు. గోడలకు మందు కొట్టడం వద్దని నేను అనను. మందు కొట్టేవాళ్ళు వస్తే గదులు ఖాళీ చేసి సహకరించాలి. కానీ మందు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏం జరిగిందో చరిత్రలో ఉంది. డి.డి.టి. పురుగుల్ని చంపుతుందని కనిపెట్టిన ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన దేశంలో 1953లో మలేరియా నివారణ కార్యక్రమం మొదలైంది. 1960లలో కేసులు లక్ష దాకా పడిపోయాయి. ఇక మలేరియా పోయినట్టే అనుకున్నారు. 1976 నాటికి మళ్ళీ అరవై నాలుగు లక్షలు దాటాయి. మందుకు అలవాటుపడిన దోమలు అందుకు ఒక కారణం. అదీగాక మందు మంచి చెడు చూడదు. తూనీగ పిల్ల నీటిలో ఉండి దోమ పిల్లల్ని తింటుంది, పెద్దదయ్యాక గాలిలో దోమల్నీ ఈగల్నీ పట్టి తింటుంది. ఈగ కాని ఈ తూనీగ మన పక్షాన ఉన్న సైనికుడు. చిన్న తరగతుల తమ్ముళ్ళు దాని తోకకు దారం కట్టి ఆడటం మానాలని ఈ సందర్భంగా మనవి.

"ఈగలన్నీ చెడ్డవే గదా" అనేవాళ్ళు కూడా ఉన్నారు. కాదు. పూలమీద గాలిలో ఒకేచోట నిలబడి ఎగిరే చారల పురుగును తేనెటీగ అనుకుంటాం. అది పూల ఈగ. పూలకు పరాగసంపర్కం చేస్తుంది, వాటిలో చాలావాటి పిల్లలు పేనుబంకను తింటాయి. కోకో చెట్టుకు కాయ పట్టేది నలుసంత ఈగల వల్లనే. చచ్చిన జంతువును నేలలో కలిపేయడంలో ఈగ పురుగులదే పెద్ద పని. అరటిపండు మీద మూగే చిన్న ఈగ డ్రోసోఫిలా మీద 1910 నుంచి మోర్గాన్ చేసిన పరిశోధనల వల్లే జన్యువులు క్రోమోజోములమీద ఉంటాయని రుజువైంది. దానికి 1933లో నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి శత్రువెవరో మిత్రుడెవరో పేరు తెలిస్తేనే తేల్చగలం.

మూడో వాదన నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. "ఈ పేర్లు పట్నంవాళ్ళకు, మన కొండల్లో ఎవడికి కావాలి?" అంటారు. కానీ ఉల్లికోడు అన్న పేరు ఏ శాస్త్రవేత్త పెట్టాడు? గొట్టమైన ఆకును చూసి రైతులు పెట్టుకున్న పేరు అది. ఏ పురుగు ఏ కాలంలో వస్తుందో, ఏ గడ్డిలో ఉంటుందో మన తాతలకు తెలుసు. వర్గీకరణ అంటే చూడటం, పోల్చడం, పేరు పెట్టడం. ఇది మనకు కొత్త కాదు. పరీక్షలో రాసే గ్రీకు పేర్లే కొత్త. ఆ పేర్లకు పక్కన మన పేర్లు కూడా రాసుకుంటే పాఠం మనదవుతుంది.

నా సూచనలు

1. వారానికి ఒకరోజు తొట్లన్నీ పూర్తిగా ఖాళీ చేయాలి. దోమకు గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వారం పైన పడుతుంది కాబట్టి వారం దాటకూడదు. ఊరికే నీళ్ళు పారబోస్తే చాలదు. ఏడిస్ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. పీచుతో గోడలు గట్టిగా రుద్దాలి.

2. ఎంగిలి మెతుకులు పోసే గుంట మీద రోజూ మట్టి కప్పాలి. తడి అందకపోతే ఈగ పురుగు బతకదు.

3. వాగు అంచు గడ్డిని, కాలవలో అడ్డుపడిన చెత్తను తీసి నీరు చురుగ్గా పారేట్టు చేయాలి. పెద్దలు తోడుంటేనే ఈ పని చేయాలి.

4. దోమతెరలను చేపలు పట్టడానికి, కూరగాయల మళ్ళమీద కప్పడానికి వాడకూడదు. మలేరియా పరాన్నజీవి దోమ ఒంట్లో ఎదిగి ఇంకొకరికి అంటేలా తయారవడానికి సుమారు పది రోజులు లేక అంతకన్నా ఎక్కువ పడుతుంది. మందు పట్టించిన తెరమీద వాలిన దోమ ఆలోపే చస్తే జబ్బు అక్కడితో ఆగుతుంది. అంటే నువ్వు తెర కట్టుకుంటే పక్కవాడికి కూడా రక్షణే.

5. జ్వరం వస్తే దాచకూడదు. ఇంటికి పంపేస్తారేమోనని దాచేవాళ్ళున్నారు. రక్తపరీక్ష చేయించుకుని, ఇచ్చిన మాత్రలు పూర్తిగా వాడాలి. రోగి ఒంట్లో పరాన్నజీవి ఉన్నంతకాలం దోమకు అది దొరుకుతూనే ఉంటుంది.

6. సైన్సు మాష్టారికి ఒక మనవి. కీటకాల పాఠాన్ని ఈసారి బోర్డు మీద కాకుండా తొట్టి దగ్గర, తెల్ల గిన్నెతో చెప్పండి. తలకిందులుగా వేలాడేది ఏదో, అడ్డంగా పడుకునేది ఏదో కళ్ళతో చూసినవాడు జన్మలో మరిచిపోడు.

చివరగా పాఠకులందరికీ ఒక పని. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మనో తాతనో అడిగి, దోమకు, జోరీగకు, పండులో పురుగుకు, పశువుల మీద వాలే ఈగలకు మీ ఇంటి భాషలో ఏమంటారో రాసుకుని రండి. కోయ, సవర, గోండి, కువి – ఏ భాషైనా సరే. పేరుతోపాటు అది ఎక్కడ కనిపిస్తుందో కూడా రాయండి. వచ్చే సంచికలో అన్నీ కలిపి ఒక పట్టిక వేద్దాం. దాన్ని తొట్టి దగ్గరి గోడకు కూడా అంటిద్దాం. నీళ్ళు పట్టడానికి వచ్చిన ప్రతివాడూ చదువుతాడు.

– పదో తరగతి విద్యార్థి